ఆ ముక్క ఇప్పుడు రావట్లేదమ్మా!

"ఈ పార్టు ఇప్పుడు రావట్లేదమ్మా. కంపెనీవాళ్ళే ఆపేశారు!"

ఈ మాట వినని ఇల్లాలు ఉంటుందంటారా? వాషింగ్ మెషీన్ మొరాయిస్తే ఇదే మాట. ఫ్రిజ్ ఆగకుండా కూతలు పెడితే ఇదే మాట. ముచ్చటపడి కొనుక్కున్న కుట్టు మెషీన్ మూలన పడితే ఇదే మాట. దాని వెనకే వచ్చే మాట కూడా మనకు కంఠతా వచ్చు. "దీని మీద డబ్బులు పెట్టడం దండగమ్మా. ఎక్స్చేంజిలో కొత్తది తీసేసుకోండి." అంతే, పోపులడబ్బాలో దాచుకున్న నాలుగు కాగితాలకీ కాళ్ళొస్తాయి.

కాదనను, కొన్నిసార్లు ఆ మాట నిజమే. కంప్రెసర్ పోయిన పదిహేనేళ్ళ ఫ్రిజ్‌కి వేలకు వేలు పొయ్యడం తెలివైన పని కాదు. కానీ అన్ని రోగాలూ అంత పెద్దవి కావు. కందిబద్దంత నల్లటి ముక్క ఒకటి పాడై, అది దొరక్క, మొత్తం మెషీన్‌నే పాత సామాన్లవాడికి వేసేసిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ ముక్క పేరు అయస్కాంత సెన్సర్. అయస్కాంతం దగ్గరికొచ్చిందా, దూరం జరిగిందా అని పసిగట్టి చెప్పడమే దాని ఉద్యోగం. ఆ నంబరు ముక్క తయారవడం ఆగిపోయినా, అదే ఉద్యోగం చేసే ఇంకో ముక్క చాలాసార్లు బజార్లో ఉంటుంది. ఉంటుంది గానీ, చేతికి దొరికిందల్లా పెట్టేస్తే మన వేళ్ళ మీదికే వస్తుంది. ఈ రెండు సంగతులూ మీతో చెబుదామని కూర్చున్నాను.

ఇంటర్‌తో, అదీ సి.ఇ.సి. గ్రూపుతో చదువు ఆపేసినదానికి ఈ గొడవంతా ఏమిటి అనుకుంటున్నారేమో! మా ఎదురింటి వదిన మెషీన్ పుణ్యమా అని నేర్చుకున్నాను. ఆ కథ కాస్త ఆగి చెబుతాను. ముందు ఈ సెన్సర్ మన ఇళ్ళల్లో ఎక్కడెక్కడ నక్కి ఉందో చూద్దాం.

మన చుట్టూనే ఉన్నాయి

వాషింగ్ మెషీన్ బట్టలు పిండుతుండగా మూత ఎత్తితే తిరగడం ఆపేస్తుంది కదా? చాలా మెషీన్లలో మూత అంచున చిన్న అయస్కాంతం, దానికి ఎదురుగా ఒంట్లో సెన్సర్ ఉంటాయి. తలుపు తీసి మర్చిపోతే అరిచే ఫ్రిజ్‌లలో కూడా కొన్నింటికి ఇదే ఏర్పాటు. ట్యాంకు నిండగానే నీళ్ళ మోటారును ఆపే పరికరాల్లో కొన్నింటికి నీటి మీద తేలే బుడ్డిలో అయస్కాంతం, మధ్య గొట్టంలో సెన్సర్ పెడతారు. మన పిల్లలు నడిపే కరెంటు స్కూటర్లలో చాలావాటికి పిడి తిప్పినకొద్దీ వేగం పెంచేది కూడా ఇదే. ఫోనుకి వేసే మడత కవరు మూయగానే తెర ఆరిపోతుంది చూడండి, అక్కడా ఇదే.

ఇక కుట్టుపని చేసుకునే మన అక్కచెల్లెళ్ళు వాడే పవర్ మెషీన్లు. కాలి కింద పెడల్ ఎంత తొక్కితే మోటారు అంత వేగంగా తిరగాలి. పెడల్ కడ్డీ పైకి పోయి ఒక మీటను కదుపుతుంది. చాలా మెషీన్లలో ఆ మీట చివర అయస్కాంతం, దాని ముందు సెన్సర్. మన కాలు ఎంత తొక్కిందో మోటారుకి కబురు చెప్పేది ఆ సెన్సరే!

ఒక్క పేరుతో పిలుస్తాం గానీ, ఇవన్నీ ఒక జాతి కాదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

గాజు గొట్టం, బంగారు రేకు

మొదటి జాతి రీడ్ స్విచ్. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దదైన గాజు గొట్టం, లోపల రెండు సన్నటి ఇనుప రేకులు. అయస్కాంతం దగ్గరికి రాగానే ఆ రేకులు అతుక్కుంటాయి, కరెంటు పారుతుంది. దూరం జరిగితే విడిపోతాయి. అమెరికాలో బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసిన వాల్టర్ ఎల్‌వుడ్ 1936లో దీన్ని కనిపెట్టాడు. దీనికి రెండే తీగలు.

రెండో జాతి హాల్ సెన్సర్. హాల్ అంటే మన ముందుగది కాదండోయ్, ఒకాయన పేరు! ఎడ్విన్ హాల్ అనే అమెరికా విద్యార్థి 1879లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో పలచటి బంగారు రేకును గాజు పలక మీద అతికించి, అందులో కరెంటు పారిస్తూ, బలమైన అయస్కాంతం మధ్య పెట్టాడు. పారే కరెంటు ఒక పక్కకి ఒరిగి, రేకుకి అటూ ఇటూ చిన్న వోల్టేజి తేడా కనిపించింది. ఎలక్ట్రాన్ అనేది ఉందని లోకానికి తెలిసింది 1897లో. అంటే అంతకు పద్దెనిమిదేళ్ళ ముందే ఈ సంగతి ఆయన చేతికి చిక్కిందన్నమాట. మా అబ్బాయి ఫిజిక్స్ పుస్తకంలో ఇది చదివినప్పుడు, మనం నగల్లో తప్ప బంగారాన్ని ఎక్కడా ఊహించుకోం కదా అనిపించింది. ఇప్పటి హాల్ సెన్సర్లలో బంగారు రేకు బదులు సిలికాన్ ముక్క ఉంటుంది. దీనికి మామూలుగా మూడు కాళ్ళు. ఒకటి కరెంటు రావడానికి, రెండోది ఎర్తు లాంటిది, మూడోది కబురు పంపడానికి.

ఈ హాల్ సెన్సర్లలో మళ్ళీ మూడు రకాల స్వభావాలు. మొదటిది మన ట్యూబులైటు స్విచ్చిలాంటిది. అయస్కాంతం ఉందా, ఆన్. లేదా, ఆఫ్. మధ్యలో ఇంకేమీ లేదు. రెండోది తలుపు గొళ్ళెంలాంటిది. అయస్కాంతానికి ఒక ధ్రువం చూపిస్తే పడుతుంది, అయస్కాంతాన్ని తీసేసినా అలాగే ఉంటుంది, రెండో ధ్రువం చూపిస్తేనే వదులుతుంది. తిరిగే మోటార్లలో ఎక్కువగా ఇది వాడతారు. మూడోది పాతకాలం ఫ్యాను రెగ్యులేటరులాంటిది. అయస్కాంతం దగ్గరికి వస్తున్నకొద్దీ కబురు కొద్దికొద్దిగా పెరుగుతుంది. దీన్ని లీనియర్ అంటారు.

చూడటానికి మూడూ ఒక్కలాగే ఉంటాయి. అదే నల్లటి ముక్క, అవే మూడు కాళ్ళు. ఒంటి మీద అచ్చేసిన నాలుగు అక్షరాలే తేడా.

మన వంటింట్లో పులుపు లేదూ? పప్పులోకి పులుపు కావాలి, చింతపండు అయిపోయింది. మామిడికాయ ఉంది, నిమ్మకాయ ఉంది, టమాటా ఉంది, చుక్కకూర ఉంది. అన్నీ పులుపే. అలాగని నిమ్మరసం పొయ్యి మీద మరుగుతుండగా పిండితే చేదెక్కుతుంది, దించాకే పిండాలి. మామిడికాయ ముక్క పప్పుతో కలిసి ఉడకాలి. పులిహోరకి నిమ్మకాయ సరే, ముక్కల పులుసుకి అదే నిమ్మకాయ అంటే అత్తగారు ఊరుకుంటుందా? చింతపండు లేనప్పుడు "ఇంకో పులుపు ఏది" అని కాదు, "ఈ వంటలో పులుపు చేసే పనేమిటి" అని అడుగుతాం. సెన్సరు విషయంలోనూ అడగాల్సింది ఇదే.

మా ఎదురింటి వదిన మెషీన్

2024 శ్రావణం. అంతకు ముందు నెలల తరబడి మూఢం, ఆ వెంటనే ఆషాఢం. ముహూర్తాలన్నీ శ్రావణంలోకి వచ్చి పడ్డాయి. మా తెనాలిలో ఏ టైలరు దగ్గరికి వెళ్ళినా "నెల తర్వాత రండి" అనేవారు. మా ఎదురింటి వదిన చేతిలో ఇరవై మూడు జాకెట్లు ఉన్నాయి. అన్నయ్యగారు నడుం నొప్పితో పని మానేసి అప్పటికి రెండేళ్ళు. ఇంటద్దె, పిల్ల పాలిటెక్నిక్ ఫీజు అన్నీ ఆ మెషీన్ మీదే.

ఆ మెషీన్ కొత్తది కాదు. ఒక గార్మెంట్ యూనిట్ మూసేస్తుంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత విదేశీ పవర్ మెషీన్. దాన్లో కుట్టు ముత్యాల్లా పడుతుంది. సరిగ్గా వరలక్ష్మీ వ్రతానికి పది రోజుల ముందు దానికి జబ్బు చేసింది.

"నెమ్మదిగా తొక్కితే కదలట్లేదు వదినా! కాస్త గట్టిగా తొక్కితే ఒక్కసారిగా పరిగెడుతోంది. నిన్న మెడకి పైపింగ్ వేస్తుంటే వేలు సూది కిందికి పోయినంత పనైంది" అంది ఏడుపు గొంతుతో.

ఇలాంటి మెషీన్లు పూర్తి వేగంలో నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేస్తాయి. వేలు వెనక్కి తీసుకునే వ్యవధి ఎక్కడుంటుంది?

మెషీన్లు చూసే మెకానిక్ వచ్చి, పైపైన చూసి, "కంట్రోల్ డబ్బా పోయిందమ్మా. ఈ మోడల్ ఎప్పుడో ఆపేశారు. కొత్త మోటారు, డబ్బా కలిపి 6,500 అవుతుంది" అన్నాడు. వదిన తాళిబొట్టు గొలుసు వైపు చూసుకుంది. నేను వద్దన్నాను. మా వీధి చివర టీవీలు బాగుచేసే అబ్బాయి ఉన్నాడు, ముందు ఒక్కసారి అతనికి చూపిద్దాం అన్నాను.

అతను చేసిన మొదటి పని ప్లగ్గు పీకేసి చేతులు కట్టుకుని కూర్చోవడం! "ఏం తమ్ముడూ, చూడవేం?" అంటే, "పది నిమిషాలు ఆగాలక్కా. మన 230 వోల్టుల కరెంటు ఈ డబ్బాలో 320 దాకా చేరి కెపాసిటర్లలో నిలవుంటుంది. ప్లగ్గు తీసినా కొడుతుంది" అన్నాడు. ఆగాక కూడా మీటరు పెట్టి చూసుకునే చెయ్యి పెట్టాడు. పని తెలిసినవాడి లక్షణం ఇదేనని నాకనిపించింది. మీరు మాత్రం ఎన్ని నిమిషాలు ఆగినా ఆ డబ్బా మూత తియ్యకండి.

పెడల్ మీట దగ్గర అయస్కాంతం, దాని ముందు మూడు కాళ్ళ ముక్క బయటపడ్డాయి. కాళ్ళ దగ్గర మీటరు పెట్టి వదినతో పెడల్ నెమ్మదిగా తొక్కించాడు. మీటరులో అంకె కొద్దికొద్దిగా పెరగాలి. పెరగలేదు. సగం దాకా చలనం లేదు, ఆ తర్వాత ఒక్క గెంతు గెంతింది. "డబ్బా బాగానే ఉందక్కా. కాలు ఎంత తొక్కిందో చెప్పేవాడే నిద్రపోతున్నాడు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ వదినకి రాలేదు పాపం.

భూతద్దంతో చూస్తే ముక్క మీద 3503 అనే అంకెలు. అది లీనియర్ రకం, అమెరికాలో అలెగ్రో అనే కంపెనీ చేసేది, ఎప్పుడో ఆపేసింది.

అచ్చం అలాగే ఉన్న ఇంకొకటి

మా ఊళ్ళో కొట్టుకి వెళ్ళి "హాల్ సెన్సర్ కావాలి" అంటే వెంటనే తీసి ఇచ్చారు. అదే రంగు, అదే సైజు, అవే మూడు కాళ్ళు, ఇరవై రూపాయలు. వదిన మొహం వెలిగిపోయింది. ఆ అబ్బాయి మాత్రం దాన్ని మెషీన్‌లో పెట్టనన్నాడు. దాని మీద 3144 అని ఉంది.

"ఇది స్విచ్చి రకమక్కా. ఆన్, ఆఫ్ తప్ప మూడో మాట ఎరగదు. ఇది పెడితే పెడల్ కొంచెం తొక్కినా ఏమీ కాదు, ఇంకొంచెం తొక్కితే పూర్తి స్పీడు. ఇప్పుడున్న రోగమే ఖాయమవుతుంది" అన్నాడు. మాకు నమ్మకం కలగడానికి పాత సెల్‌ఫోను చార్జరు తీగ కోసి, అందులోంచి వచ్చే 5 వోల్టులు ఆ ముక్కకిచ్చి, చిన్న లైటు తగిలించి చూపించాడు. అయస్కాంతం దగ్గరికి తేగానే టక్కున వెలిగింది, తీయగానే టక్కున ఆరింది. మసక వెలుగు అనేదే లేదు.

మీరే ఆలోచించండి. అదే ముక్కని ఇంకెవరైనా "సరిపోయిందమ్మా" అని అతికించి వెళ్ళిపోయి ఉంటే? మెషీన్ ఆడేది, డబ్బులు తీసుకునేవారు, వదిన వేలు ఏమయ్యేది?

మరి దీనికి జోడీ ఏది? ఆ అబ్బాయి ఫోనులో పాత ముక్క గుణగణాల కాగితం తీశాడు. డేటాషీట్ అంటారట. తయారుచేసినవాళ్ళే రాసిపెట్టే జాతకం అనుకోండి. కొత్తదాని జాతకం పక్కన పెట్టి పెళ్ళిచూపుల్లో గుణాలు కలిపినట్టు ఒక్కొక్కటీ కలిపాడు. అతను ఎంచుకున్నది 49ఈ అనే సెన్సరు. ఎస్ఎస్49ఈ పేరుతో హనీవెల్ కంపెనీది ఉంది, అదే అంకెతో ఇంకొందరు చేసేవీ ఉన్నాయి. కరెంటు స్కూటర్ల పిడిలో ఎక్కువగా వేసేది ఈ రకమే కాబట్టి దొరకడం తేలిక.

ఏమేం కలిపాడంటే, ముందు స్వభావం. రెండూ లీనియరే. తర్వాత తిండి. పాతది 4.5 నుంచి 6 వోల్టుల మధ్య బతుకుతుంది, కొత్తది 2.7 నుంచి 6.5 దాకా. మెషీన్ ఇచ్చేది 5, కాబట్టి ఇబ్బంది లేదు. అయస్కాంతం ఏదీ లేనప్పుడు రెండూ ఇచ్చే కబురు సుమారు రెండున్నర వోల్టులు, అంటే సరిగ్గా సగం. అయస్కాంతం బలాన్ని గాస్ అనే లెక్కలో కొలుస్తారు. భూమికున్న అయస్కాంత బలం అర గాస్ అటూఇటూ ఉంటుందట. ఒక గాస్‌కి పాతది 1.3 మిల్లీవోల్టులు కదిలితే కొత్తది 1.4 కదులుతుంది. అక్కాచెల్లెళ్ళంత తేడా! కాళ్ళ వరస కూడా ఒకటే: అక్షరాలున్న వైపు మనకేసి పెట్టి చూస్తే ఎడమది కరెంటు, మధ్యది ఎర్తు, కుడిది కబురు. ఈ కాళ్ళ వరస అన్ని సెన్సర్లకీ ఒకేలా ఉండదు. తారుమారైతే ముక్క క్షణంలో కాలిపోవచ్చు, ఒక్కోసారి బోర్డునీ వెంట తీసుకుపోతుంది.

49ఈ మా ఊళ్ళో ఆ రోజు లేదు. హైదరాబాదులో చదువుతున్న మా చెల్లెలి కొడుక్కి ఫోను చేస్తే, కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్ళి ఐదు కొని పంపించాడు. ఎలక్ట్రానిక్ ముక్కలకు ఆ గల్లీ పెట్టింది పేరు. ఐదూ కలిపి వంద రూపాయలు. ఐదెందుకంటే, ఈ సరుకులో నకిలీలు, నాసిరకాలు కలుస్తాయి. మన అబ్బాయి ఐదింటినీ చార్జరు తీగకి పెట్టి, మీటరు చూస్తూ అయస్కాంతం దగ్గరికీ దూరానికీ జరిపాడు. ఒకటి ఏ అయస్కాంతానికీ చలించలేదు, అవతల పారేశాడు. మిగతా నాలుగూ రెండున్నర దగ్గర మొదలై, ఒక ధ్రువానికి పైకి, రెండో ధ్రువానికి కిందికి మెత్తగా జరిగాయి.

అతికించేటప్పుడు చూడాల్సినవి కూడా చెబుతాను, మీరు పక్కన నిలబడి గమనించవచ్చు. పాతదాని మొహం ఎటుందో కొత్తదాని మొహం అటే ఉండాలి. తిరగేస్తే కబురు తల్లకిందులవుతుంది. సోల్డరింగ్ ఇనుము ఎక్కువసేపు ఆనించకూడదు, లోపలి సిలికాన్ వేడికి పాడవుతుంది. కాళ్ళు వంచేటప్పుడు మొదట్లో కొరకారుతో పట్టుకుని వంచాలి. ఒక కాలు ఇంకోదానికి తగలకుండా సన్నటి ప్లాస్టిక్ తొడుగు వెయ్యాలి. పైన గట్టి జిగురు దట్టించకూడదు, ఆ బిగువుకి కూడా సెన్సరు కబురు కాస్త మారుతుందట. అన్నిటికంటే ముఖ్యం అయస్కాంతానికీ సెన్సరుకీ మధ్య ఎడం. అయస్కాంతం బలం దూరంతో గబగబా పడిపోతుంది. గోరంత జరిగినా పెడల్ తీరు మారిపోతుంది. ఇతను మీట స్క్రూ వదులు చేసి వెంట్రుకవాసి అటూఇటూ జరిపి, కాలు తీసినప్పుడు మీటరులో పాత అంకె వచ్చేదాకా వదల్లేదు.

ఆ తర్వాత పరీక్ష. సూది తీసేశారు, దారం తీసేశారు, పాదం పైకెత్తారు. పెడల్ మీద ఎవరి కాలూ లేకుండా కరెంటు వేశారు. మెషీన్ కదల్లేదు. కదిలి ఉంటే మళ్ళీ మొదటికే! నెమ్మదిగా తొక్కితే నెమ్మదిగా తిరిగింది, కాలు తీయగానే ఆగింది. అలా ఇరవై సార్లు తొక్కించాకే సూది పెట్టనిచ్చాడు. ముందు పాత గుడ్డ మీద, తర్వాత పట్టు మీద.

ఆ అబ్బాయి తీసుకున్నది మూడొందలు. వ్రతం నాటికి వదిన పదకొండు జాకెట్లు అందించింది, మిగతావి తర్వాతి వారంలో. ఎవరికీ మాట పోలేదు.

మూత సెన్సరుతో ఆటలొద్దు

వాషింగ్ మెషీన్ మూత సెన్సరు పోతే కొందరు చేసే పని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దొరకలేదని తీగలు రెండూ ముడేసేస్తారు, లేదా ఒక అయస్కాంతం ముక్క అక్కడ శాశ్వతంగా అతికించేస్తారు. మెషీన్ ఆడుతుంది. మూత ఎత్తినా ఆడుతుంది! పసిపిల్లలున్న ఇంట్లో తిరిగే డ్రమ్ములో చెయ్యి పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. "ప్రస్తుతానికి ఇలా కానిద్దాం" అనే మాట ఇక్కడ ఒప్పుకోకండి. నాలుగు రోజులు చేత్తో ఉతుక్కున్నా ఫరవాలేదు.

ఇక్కడ ముందు తేల్చుకోవాల్సింది రీడ్ స్విచ్చా, హాల్ సెన్సరా అని. రెండు తీగలుంటే చాలామటుకు రీడ్, మూడుంటే హాల్. ఒకదాని బదులు ఇంకొకటి నేరుగా పెట్టడం కుదరదు. రీడ్ అయితే మన అదృష్టం. రెండు తీగల మామూలు స్విచ్చే కనుక, సైజు కుదిరి, అంత కరెంటుని తట్టుకునేదైతే వేరే కంపెనీది పెట్టుకోవచ్చు. కాకపోతే అయస్కాంతం లేనప్పుడు తెరుచుకుని ఉండే రకమా, మూసుకుని ఉండే రకమా అని చూసుకోవాలి. పరీక్ష కూడా తేలిక. తెరుచుకుని ఉండే రకమైతే, మెకానిక్ దాన్ని బయటికి తీసి మీటరును బీప్ మీద పెట్టినప్పుడు, అయస్కాంతం దగ్గరికి రాగానే బీప్ మనాలి, తీయగానే ఆగాలి. అయస్కాంతం తీసినా బీప్ ఆగకపోతే లోపలి రేకులు అతుక్కుపోయాయన్నమాట. గాజు గొట్టం కదా, కాళ్ళు వంచేటప్పుడు పుటుక్కున పగులుతుంది, జాగ్రత్త.

స్విచ్చి రకం హాల్ సెన్సరు అయితే, మెషీన్‌ది ఎన్ని వోల్టులో చూడాలి. ఇందాక చెప్పిన 3144కి కనీసం నాలుగున్నర వోల్టులు కావాలి, గరిష్ఠం 24. మూడు వోల్టుల బ్యాటరీ వస్తువులో అది మేలుకోదు. దాన్ని కూడా అలెగ్రో ఆపేసి, బదులు 1104 అనే ముక్కను చూపించింది. అయినా 3144 అచ్చేసిన సరుకు బజార్లో కుప్పలుగా దొరుకుతోంది, వేరేవాళ్ళు చేసేవి. అందుకే ముందు పరీక్ష, తర్వాతే అతకడం. ఇంకో సంగతి, స్విచ్చి రకాల్లో చాలావాటికి అయస్కాంతం దక్షిణ ధ్రువమే కనిపించాలి. కొత్త ముక్క పనిచెయ్యడం లేదని పారేసే ముందు అయస్కాంతాన్ని తిరగేసి చూడమనండి.

అన్నట్టు, మైక్రోవేవ్ ఓవెన్ తలుపు జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. అక్కడి స్విచ్చిలు వేరు, లోపలి కెపాసిటరు ప్రాణాలు తీసేంత కరెంటు నిలవుంచుతుంది. అది పూర్తిగా తెలిసినవాళ్ళ పని.

మెకానిక్‌ని ఏమడగాలి?

"పార్టు రావట్లేదు" అనగానే నీరుగారిపోకండి. "ఏ పార్టు? దాని మీదున్న నంబరేమిటి? అది చేసే పనేమిటి?" అని అడగండి. "బోర్డు పోయింది" అంటే, "బోర్డు పోయిందా, బోర్డుకి కబురు చెప్పే సెన్సరు పోయిందా? మీటరు పెట్టి చూశారా?" అనండి. వాళ్ళు మీ మొహం కేసి వింతగా చూస్తారు, చూడనివ్వండి. బదులు ముక్క పెడతామంటే, అది ఆన్-ఆఫ్ రకమా, కొద్దికొద్దిగా మారే రకమా అని తప్పకుండా అడగండి. దానికి సమాధానం చెప్పలేనివారి చేతికి పిల్లలున్న ఇంట్లో మెషీన్ అప్పగించవద్దు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసమని ఒక వెబ్‌సైటు మొదలుపెట్టింది. ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు, ఇంటి సామాన్లు, బండ్లు, వ్యవసాయ పరికరాల కంపెనీలు తమ మరమ్మతు వివరాలు, విడిభాగాల సంగతులు అందులో పెట్టాలని ఉద్దేశం. అన్ని వస్తువుల వివరాలూ దొరుకుతాయని ఆశపడకండి గానీ, కొత్తది కొనే ముందు ఒకసారి పిల్లల చేత వెతికించండి. గ్యారంటీలో ఉన్న వస్తువుకి పార్టు ఇవ్వకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చెయ్యవచ్చు. గ్యారంటీ ఉన్నన్నాళ్ళూ బయటివాళ్ళ చేత మాత్రం మూత తీయించకండి, ఆ వంకతో అసలుకే మోసం వస్తుంది.

మెషీన్ రిపేరుకి ఇచ్చే ముందు వెనకాల అంటించిన మోడల్ నంబరు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. తీసేసిన పాత ముక్కని పారేయనివ్వకుండా అడిగి తీసుకోండి. దాని మీది అక్షరాలు మసకబారి ఉంటే పక్కనుంచి టార్చి వేసి చూస్తే కనిపిస్తాయి. కొత్తగా ఏ నంబరు పెట్టారో, మొహం ఎటు పెట్టారో, తేదీతో సహా చీటీ రాసి మెషీన్ లోపలి వైపు అంటించమనండి. మా వదిన మిగిలిన మూడు సెన్సర్లనీ ఆ చీటీతో పాటు ఖాళీ బాబిన్ డబ్బాలో పెట్టి, మెషీన్ సొరుగులో వేసుకుంది.